నొప్పి చెప్పందే ముద్ద పెట్టని అక్క

మా చిక్కబళ్ళాపురం నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా సముద్రం చూడాలంటే ఒక పగలంతా ప్రయాణం చెయ్యాల. బోరు ఎంత లోతుకు దించినా దుమ్మే పైకొచ్చే గడ్డ మాది. అట్లాంటి ఊళ్ళో ఒక చర్చి గోడమీద నల్లరాతి పలక ఉంది. నౌకాదళంలో పనిచేసిన ఒక ఆఫీసరు పేరు, పేరుపైన లంగరు బొమ్మ. లంగరని నేనంటున్నాను గానీ అది లంగరు కాదులెండి. చెక్కినాయన జన్మలో ఓడను చూసినోడు కాదు. నౌకాదళంవాళ్ళు కాగితం మీద గీసిచ్చిన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, తనకు తెలిసిన వస్తువునే చెక్కిపెట్టినాడు. బావిలో పడిపోయిన బకెట్టును పైకి లాగే కొక్కేలుంటాయి చూడండి, అచ్చం అదే. మూడు కొక్కేలు, పైన తాడు కట్టే వలయం. చూసినవాళ్ళు నవ్వుకుంటారు. నేనూ నవ్వినదాన్నే.

పోయిన వారం ఆ పలక ముందర చాలాసేపు నిలబడిపోయినాను. నా వెనక బెంచీల నిండా మనుషులు, ముందర శవపెట్టెలో అక్క. ఆ ఆఫీసరుకు తోడబుట్టిన అక్క. చర్చి పక్కనుండే ఆడపిల్లల హాస్టెల్లో వంట చేస్తా, మా అందరికీ కూడా అక్కే అయిపోయింది. షుగరు, దాంతో కిడ్నీలు. ఏ పూట షుగరు ఎంతుందో, ఏ కాలు వాచిందో ఆయమ్మ నోటితో విననివాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు. పాలవాడికి కూడా తెలుసు. పేరు మాత్రం ఇక్కడ రాయను. "నా పేరు రేషన్ కార్డులో ఉండాది, అది చాలు, ఇంకెక్కడా ఎక్కించొద్దండి" అని గట్టిగా చెప్పేది. ఆ మాట మీరితే పెట్టెలోనుంచి లేచొచ్చి గరిటెతో కొడుతుంది.

మాది బాగేపల్లికి అవతల, ఆంధ్ర సరిహద్దు పక్కన ఒక పల్లె. వేరుశనగ వేసే ఇల్లు. పీయూసీ, అంటే మీ ఇంటరు, చదవడానికి నన్ను మా నాయన ఆ హాస్టెల్లో చేర్పించినాడు. చర్చివాళ్ళదైనా అన్ని కులాల పిల్లలూ ఉండేవాళ్ళం. మొదటి దినం పొద్దున తట్ట, అంటే తినే పళ్ళెం, పట్టుకుని వంటింటి ముందర వరసలో నిలబడితే, అక్క తన చేతి వెనకపక్కను నా మెడకు ఆనించి అడిగింది.

"ఒళ్ళెట్లుండాది?"

"బాగుండాదక్కా."

"బాగుండేవాళ్ళు పక్కన నిలబడండి. ఆఖర్లో పెడతా."

నాకేమీ అర్థం కాలేదు. నా వెనకున్న పిల్ల ముందుకు పోయి "ఎడమ చెవి, అక్కా" అనింది. దానికి పొగలు కక్కే రాగిముద్ద, పైన గరిటెడు పులుసు పడింది. తరవాతిది "మడమ" అనింది. దానికీ పడింది. నేను మాత్రం మూలన నిలబడి ఆరిపోయిన ముద్ద తిన్నాను. రెండో దినానికి నాకూ తెలివొచ్చింది. "కడుపులో కొంచెం..." అన్నాను. "కొంచెమంటే యాడ? పైనా, కిందా? తినకముందా, తిన్నాకా?" అని ఆరా మొదలుపెట్టింది. అబద్ధం చెప్పినందుకు రెండు దినాలు జీలకర్ర నీళ్ళు తాగించింది.

ఆకలికి మేం చెప్పని నొప్పి లేదు. చిటికెనవేలు, కనుబొమ్మ, అరికాలు, అన్నీ వంతులవారీగా నొప్పెట్టేవి. ఒకసారి ఒక గడుగ్గాయి "అక్కా, నా జడ నొప్పిగా ఉండాది" అనింది. వరసంతా పడీపడీ నవ్వినాం. అక్క నవ్వలేదు. గరిటె పక్కన పెట్టి, దాని జడ విప్పి, పాయలు తీసి చూసింది. తలనిండా పుండ్లు, పేన్లు. ఆ పిల్లకు తల ఎన్నాళ్ళనుంచో మండుతా ఉందంట, సిగ్గుతో తమాషాగా చెప్పిందంట. పది దినాలు వేపనూనె పట్టించి, తలంతా దువ్వి, దాన్ని బాగుచేసింది. అప్పట్నుంచి వరసలో ఎవరేం చెప్పినా మేం నవ్వడం మానేసినాం.

ఊళ్ళోకి కూరగాయలకు పోయినా ఆయమ్మ గుణం ఒకటే. మా పక్క ఎవరైనా పోతే సర్కిల్లో ఫొటోతో ఫ్లెక్సు కడతారు కదా, దాని ముందర ఆగేది. పక్కనుండే అంగడాయన్ని పట్టుకునేది.

"దేంతో పోయినాడప్పా?"

"ఏమోనమ్మా, ఉన్నట్టుండి పోయినాడంట."

"ఉన్నట్టుండి ఎవరూ పోరు. ఉన్నట్టుండి చెప్తారు, అంతే."

అని సంచీ భుజానికెత్తుకుని కోపంగా నడిచేది. ఆ కోపం ఎవరిమీదో నాకు చాలా నాళ్ళు తెలియలేదు. పిచ్చిమనిషి అనుకునేదాన్ని. అనుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రెండో పీయూసీలో ఉండగా నా మెడమీద, ఎడమ చెవికింద, ఒక గడ్డ లేచింది. మొదట రేగ్గాయంత. నెల తిరిగేసరికి ఉసిరికాయంత. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. మా ఊళ్ళో మా పెద్దనాయన కూతురికి ఇట్లాంటి గడ్డే లేస్తే కాలేజీ మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టినారు. ఆ పిల్ల మళ్ళీ పుస్తకం ముట్టలేదు. నాకూ అదే గతి అని తెలిసిపోయింది. దుపట్టాను మెడచుట్టూ రెండు చుట్లు తిప్పుకున్నాను. వరసలో అక్క చెయ్యి ముందుకు రాకముందే "మోకాలు, అక్కా" అని తట్ట చాపి, ముద్ద పడగానే పక్కకు తప్పుకునేదాన్ని. ఎండాకాలంలో దుపట్టా ఏందే అని పిల్లలడిగితే గొంతు బాగలేదన్నాను.

పదకొండో దినమో పన్నెండో దినమో, ముద్ద వెయ్యలేదు.

"పాపా, ఇన్ని దినాలుగా అదే మోకాలా?"

"అవునక్కా."

"మోకాలు నొప్పి ఉండేవాళ్ళు మెట్లు రెండ్రెండు దూకరు. పైగా రెండు ముద్దలు తినేదానివి అర ముద్ద తట్టలోనే పెట్టి కడుగుతాండావు. దుపట్టా తీ."

"అందరి ముందరా వద్దక్కా."

ఆ మాటకు ఆయమ్మ ముఖం మారిపోయింది. గరిటె పక్క పిల్లకిచ్చి, నన్ను వంటింటి వెనక కట్టెల గదిలోకి తీసుకుపోయింది. తానే మెల్లగా దుపట్టా విప్పింది. గడ్డను వేళ్ళతో తడిమింది. తిట్టలేదు. "ఎన్ని దినాలయింది?" అని మాత్రం అడిగింది. రెండు నెలలన్నాను. ఆ దినం మధ్యాహ్నం వంట పెద్ద పిల్లలకప్పగించి, నన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది. సూది గుచ్చి నీళ్ళు తీసి పరీక్ష చేసినారు. టీబీ గడ్డ. ఆరు నెలలు ఒక్క పూట కూడా తప్పకుండా మాత్రలు మింగితే నయమైపోతుంది, ఇంకొకరికి అంటదు అని డాక్టరు చెప్పినాడు. అక్క ఆయన చేత ఆ మాట మూడుసార్లు చెప్పించుకునింది.

నేను భయపడినట్టే మా నాయన మాట అదే. "చదివింది చాలు, ఇంటికి పిల్చుకుపోతా" అని ఫోన్లో అన్నాడు. మరుసటి ఆదివారం ప్రార్థన కూడా మానుకుని అక్క బస్సెక్కి మా పల్లెకు పోయింది. మా అమ్మ వేసిన చాపమీద కూర్చుని, పెట్టింది తిని, మా నాయన్ను అడిగిందంట.

"ఇంటికి తీసుకొస్తే దినామూ మాత్ర ఎవరిస్తారప్పా?"

"మేమిస్తామమ్మా."

"సేనికి పోయిన దినం?"

మా నాయన మా అమ్మకేసి చూసినాడంట.

"నేను యాడికీ పోను. నా వంటిల్లు యాడికీ పోదు. పిల్లను నా దగ్గరుండనీయండి. నయం కాకపోతే నన్నడగండి."

ఆ మాత్రలు ఆవాల డబ్బాలో పెట్టింది. దినామూ పొద్దున పరగడుపున నా చేతిలో పెట్టి, మింగి నోరు తెరిచి చూపించేదాకా కదిలేది కాదు. అరగంటాగి ఒక ఉడకబెట్టిన గుడ్డు. రెండో దినమే ఒంటికి పోతే నారింజ రంగులో వచ్చింది. నేను చచ్చిపోతున్నానని ఏడ్చుకుంటా వంటింట్లోకి పరిగెత్తినాను. "ఆ మాత్ర రంగే అంత. డాక్టర్ని నేను ముందే అడిగినాలే" అనింది తాపీగా. మిగతా పిల్లలకు మాత్రం నాకు రక్తం తక్కువని చెప్పింది. నాకు తమాషా అనిపించి, నువ్వే అబద్ధం చెప్తాండావేందక్కా అన్నాను.

"డాక్టరుకు చెప్పినాం. మీ నాయనకు చెప్పినాం. నాకు తెలుసు. ఊరంతా డప్పు కొట్టమని నేనెప్పుడు చెప్పినానే?"

ఈ దినం నేను చింతామణిలో హైస్కూలు టీచరుగా, ఇద్దరు పిల్లల తల్లిగా బతికుండానంటే అది ఆయమ్మ పెట్టిన భిక్ష. ఈ మాట ఆయమ్మ ఉండగా ఎన్నోసార్లు చెప్పినాను. చెప్పిన ప్రతిసారీ "పోవే, మాత్ర పెట్టిన భిక్ష" అనేది.

ఆ ఆరు నెలల్లోనే, పొద్దున మాత్రకూ గుడ్డుకూ మధ్యనుండే ఆ అరగంటల్లో, రెండు పనులు జరిగినాయి. ఒకటి, నాకు తెలుగు రాయడం వచ్చింది. మాకు బడిలో అంతా కన్నడమే, ఇంట్లో మాట మాత్రం తెలుగు. అక్కకేమో తెలుగు తప్ప ఇంకో అక్షరం రాదు. తన బైబిలు నా ముందర పెట్టి, "కన్నడ అక్షరానికి తల దువ్వితే తెలుగవుతుంది, చదువు" అనేది. రెండోది, తమ్ముడి కథ. అది ఒక్క దినంలో చెప్పలేదు. సంగటి గెలుకుతా ఒక ముక్క, ఆకు గిల్లుతా ఇంకో ముక్క.

అమ్మానాయనా పోయినప్పుడు వాడికి ఐదేండ్లు, ఆయమ్మకు పందొమ్మిది. పెండ్లి మాట తలపెట్టకుండా వాణ్ణి పెంచింది. వాడు బాగా చదివినాడు. నౌకాదళంలో ఆఫీసరు పరీక్ష పాసైనాడు. ఊరంతా వంటమనిషి తమ్ముడు ఆఫీసరైనాడని చెప్పుకున్నారు. మొదటిసారి వాణ్ణి రైలెక్కించేటప్పుడు, మెడికల్ పరీక్షలో ఎంతోమందిని వెనక్కి పంపించేస్తారని ఎవరో చెప్పింటే, కిటికీ దగ్గర నిలబడి అక్క చెప్పింది: "ఒరే, యాడ నొప్పొచ్చినా నోరు తెరవొద్దు. చెప్తే ఇంటికి పంపించేస్తారు." వాడు సరేనక్కా అన్నాడు. ఆమెకిచ్చిన మాట వాడెప్పుడూ తప్పినోడు కాదు. ఫోన్ చేస్తే "బాగుండానక్కా", ఉత్తరం రాస్తే "ఇక్కడ నేను క్షేమం". ఎనిమిదేండ్లు అదే మాట.

ఒకసారి ఓడమీద కడుపునొప్పి వచ్చింది. నాలుగు దినాలు ఓర్చుకున్నాడు. కింద పడిపోయినాక గానీ ఎవరికీ తెలియలేదు. కడుపులో పేగుతోక, అపెండిక్స్ అంటారే, అది పగిలి, చీము ఒళ్ళంతా పాకిపోయింది. రేవుకు తెచ్చి, ఆసుపత్రిలో చేర్చి, అక్కకు కబురు పెట్టినారు. రెండు రైళ్ళు మారి ఆయమ్మ చేరేసరికి వాడికింకా తెలివుంది. అక్కను చూసి నవ్వినాడంట.

"ఎవరికీ చెప్పలేదక్కా," అన్నాడంట, చిన్నప్పుడు మార్కులు చూపించినట్టు.

తెల్లారి పోయినాడు. అక్క ఈ ముక్క చెప్పిన దినం సంగటి అడుగంటింది. నేనూ గెలకలేదు, ఆయమ్మా గెలకలేదు.

నేను అదే హాస్టెల్లో ఉండి డిగ్రీ రెండో ఏడు చదువుతా ఉండగా, వాడితో పనిచేసినవాళ్ళు కొందరు చర్చికి ఉత్తరం రాసినారు. స్నేహితుడి జ్ఞాపకంగా గోడమీద ఒక పలక పెట్టిస్తామని. చర్చి కమిటీ పెద్ద ఒక రిటైరైన హెడ్మాస్టరు. ఊరంతా ఆయన్ను మేష్ట్రు అనే పిలుస్తారు. పలకమీద ఏం రాయాలో ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ ఆయనే తయారుచేసి, అక్కకు చూపించమని కాగితం పంపించినాడు. నేను చదివి తెలుగులో చెప్పినాను. 'మాతృభూమి కోసం వీరమరణం పొందిన' అని మొదలవుతుంది.

"యుద్ధం ఎప్పుడు జరిగిందంట?" అనింది అక్క.

చేతులు తుడుచుకుని, నన్ను వెంటబెట్టుకుని మేష్ట్రు ఇంటికి పోయింది. ఆయన వరండాలో పేపరు చదువుతా ఉన్నాడు. ఆయన భార్య మాకు మజ్జిగ తెచ్చిచ్చి లోపలికి పోయింది. ఆమె గొంతు చర్చిలో పాడేటప్పుడు తప్ప ఎవరమూ విన్నది లేదు.

"మేష్ట్రే, నా తమ్ముడు కడుపునొప్పితో పోయినాడు. జబ్బుతో పోయినాడనే రాయండి. దాని కింద, జబ్బు దాచుకోవద్దండి, ఎవరికైనా చెప్పండి అని ఒక మాట. వాణ్ణి దాచుకోమని చెప్పింది అక్క అని ఇంకో మాట. ఈ రెండూ తెలుగులో ఉండాల, నేను చదివేటట్టు."

మేష్ట్రు కళ్ళద్దాలు తీసినాడు. "ఏమమ్మా, చర్చి గోడంటే ఆసుపత్రి బోర్డనుకున్నావా?"

"ఆసుపత్రికి పోయినవాళ్ళు ఎట్లాగూ చెప్తారు గదప్పా. పోనివాళ్ళే చర్చికి వస్తాండారు."

"నీ తమ్ముడి మర్యాద కోసమే చెప్తాండాను. యూనిఫారం వేసుకున్నవాడు. కడుపునొప్పి అని రాస్తే బాగుంటుందా? పైగా నీ పేరుకు నువ్వే మచ్చ పెట్టుకుంటావా? జనం ఏమనుకుంటారు?"

"జనానికి తెలియాలనే కదా రాయమంటాండేది."

గంటసేపు వాదులాడినారు. ఆఖరికి వీరమరణం కొట్టేసి 'అనారోగ్యంతో మరణించిన' అని రాయడానికి ఒప్పుకున్నాడు. తెలుగు మాటలు రెండూ వద్దంటే వద్దన్నాడు. తిరిగొచ్చేటప్పుడు హాస్టెల్ గేటు దగ్గర అక్క ఆగి, "నా తప్పు రాసిపెట్టుకునే చోటు కూడా లేదా పాపా నాకు?" అని అడిగింది.

పలక తెర తీసిన దినం నౌకాదళంనుంచి ఇద్దరు తెల్లబట్టల ఆఫీసర్లు వచ్చినారు. లంగరును చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు గానీ మంచివాళ్ళు, ఏమీ అనలేదు. పాస్టరయ్య ప్రార్థన చేసినాక, తోబుట్టువు రెండు మాటలు చెప్పాలని పిలిచినాడు. అక్క కొత్త చీర కట్టుకుని ఉంది. మైకు దగ్గరికి పోయి, దాన్ని చేత్తో పక్కకు నెట్టేసింది. ఆయమ్మ గొంతుకు మైకు అక్కర్లేదు.

"నా తమ్ముడు కడుపునొప్పితో పోయినాడు. నాలుగు దినాలు ఓర్చుకున్నాడు. ఓర్చుకోమని చెప్పింది నేను. రాతిమీద రాయమంటే వద్దన్నారు. సరే, నాకు నోరుండాది కదా. మీలో ఎవరైనా యాడైనా నొప్పి దాచుకుని ఉంటే ఈ పూటే చెప్పేయండి. మొగుడికో, పెండ్లానికో, ఎవరికో ఒకరికి. ఎవరూ లేకపోతే హాస్టెల్ వంటింట్లో నేనుంటాను, రండి."

మేష్ట్రు ఎర్రబడిన ముఖంతో లేచి, "ఇప్పుడందరం పాట పాడుదాం" అన్నాడు.

తరవాత హాస్టెల్ ఆవరణలో భోజనాలు. నేనూ అక్కా వంటింట్లో అన్నం గంగాళాలు సర్దుతా ఉన్నాం. తలుపు దగ్గర ఎవరో నిలబడినట్టనిపించి చూస్తే మేష్ట్రు భార్య. చర్చినుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో పాటల పుస్తకం అట్లే ఉంది. లోపలికొచ్చి, అక్క చెయ్యి పట్టుకుని, తన ఎడమ చంక కింద, రొమ్ము పక్కన పెట్టుకునింది.

అక్క కాసేపు ఆ చెయ్యి అట్లే ఉంచింది. "ఎన్ని దినాలయింది?"

"ఉగాదికి ముందునుంచి."

"మేష్ట్రుకు తెలుసా?"

తల అడ్డంగా ఊపింది. "ఆయన తట్టుకోలేరమ్మా. ఊరికి ధైర్యం చెప్తారు గానీ, నాకు జ్వరమొస్తే ఆయన అన్నం మానేస్తారు. అందుకే..."

అక్క కొంగు నడుముకు దోపుకునింది. "పాపా, ఆటోను పిలువు."

"అక్కా, ఆఫీసర్లు నీకోసం చూస్తాండారు, నీ పక్కన కూర్చుని తింటారంట."

"తిననీ. వాళ్ళకేం నొప్పి లేదు."

కొత్త చీరతోనే, మెతుకు తినకుండా, ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని పోయింది. ఇద్దరు ఆఫీసర్ల ముందర ఏం చెప్పాలో తెలియక నేను ఉన్నమాటే చెప్పేసినాను. పెద్దాయన లేచి నిలబడి, అట్లే ఆటో పోయిన దారి చూస్తా ఉండినాడు. మేష్ట్రుకు కబురు నేనే చేర్చినాను. ఆయన తింటున్న ఇస్తరాకు ముందరనుంచి లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తినాడు. అంత మనిషి పరిగెత్తడం ఊరు ఎప్పుడూ చూడలేదు.

అది క్యాన్సరే. బెంగుళూరులో ఆపరేషన్ చేసినారు. ఆలస్యమైంది గానీ మించిపోలేదన్నారు. తరవాత నెలల తరబడి మందులు, పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు రావడం. మేష్ట్రుకు చర్చి పనేదైనా అడ్డమొచ్చిన దినం అక్క తోడు పోయేది. ఆమె జుట్టంతా రాలిపోతే అక్క తన చేత్తో నల్లని గుడ్డ టోపీ కుట్టి తెచ్చింది. ఆమె బతికింది. పోయిన వారం అక్క పెట్టెకు పూలు సర్దింది ఆమే.

ఆ ఏడు చివర్లో ఒక శనివారం పొద్దున మేష్ట్రు, ఆయన భార్య, వాళ్ళ వెనకే రాళ్ళు చెక్కేటాయన హాస్టెలుకొచ్చినారు. మేష్ట్రు నన్ను పిలిచి తెల్లకాగితం చేతిలో పెట్టినాడు. "నాకు తెలుగు రాయడం రాదమ్మా. నువ్వు రాసిస్తే ఈయన చూసి చెక్కుతాడు. 'జబ్బు దాచుకోవద్దండి. ఎవరికైనా చెప్పండి.' అంతే. గుండ్రంగా రాయి."

మూడుసార్లు రాసి చించేసినాను. నాలుగోది పట్టుకుని అందరం చర్చిలోకి పోయినాం. అక్క వచ్చి కాగితాన్ని కూడబలుక్కుని చదివింది. చదివి, వెనక కూడా తిప్పి చూసింది.

"ఇంకో మాట ఉండాది కదా మేష్ట్రే. అది యాడ?"

"అది చెక్కించనమ్మా."

"మళ్ళీ మొదలుపెట్టినారా? నా మర్యాద నాకొద్దని అప్పుడే చెప్పినాను."

"మర్యాద కోసం కాదు." మేష్ట్రు తన భార్యకేసి చూసినాడు. "నా భార్యను దాచుకోమని నేనెప్పుడూ చెప్పలేదమ్మా. అయినా దాచింది. నేను తట్టుకోలేనని దాచింది. నీ తమ్ముడూ అంతే. రైలు దగ్గర నువ్వేదో చెప్పినావు, నిజమే. ఎనిమిదేండ్ల తరవాత, అంత పెద్ద ఆఫీసరు, ఆ మాట పట్టుకుని ఓర్చుకున్నాడా? నీ కష్టం చూసి పెరిగినోడు, నీకు ఇంకో దిగులు పెట్టకూడదని ఓర్చుకున్నాడు. ఈ కొన్ని నెలలూ ఆసుపత్రిలో కూర్చుని నేను ఇదే ఆలోచించినాను. తప్పంతా నీదే అని రాతిమీద చెక్కితే, అది అబద్ధం."

అక్క ఆయన ముఖంలోకి చూసింది. "నిజంగానే అంటాండారా? నన్ను ఊరుకోబెట్టేదానికి కాదు కదా?"

"నలభై ఏండ్లు పిల్లలకు మార్కులు వేసినోణ్ణి. ఊరికే ఎవరికీ వెయ్యలేదు."

అక్క ముందు బెంచీమీద కూర్చుండిపోయింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గట్టిగా, సిగ్గు లేకుండా, చిన్నపిల్ల ఏడ్చినట్టు. ఆసుపత్రిలో తమ్ముడి దగ్గర కూడా ఆమె ఏడవలేదని నాకు తెలుసు, ఆమే చెప్పింది. మేష్ట్రు భార్య పోయి పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఊరుకోమని ఎవరూ అనలేదు. చాలాసేపటికి అక్క ముక్కు తుడుచుకుని, ఉలి పట్టుకుని నిలబడిన ఆయనకేసి చూసింది.

"కానీప్పా. లోతుగా కొట్టు."

ఆ దినం వంటింట్లోకి అక్కను రానియ్యలేదు. మేం నలుగురం సంగటి గెలికినాం. ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా పైకి లేవకపోయినా మేష్ట్రు భార్యే ముద్దలు కట్టి వడ్డించింది. చర్చిలోనుంచి ఉలి దెబ్బలు వినిపిస్తా ఉన్నాయి. అక్క మా వరసలో, నా పక్కన, కింద కూర్చుని తినింది. ఒక ముద్ద అయిపోయినాక తట్ట ముందుకు చాపి, ఇంకోటి పెట్టమని అడిగి మరీ పెట్టించుకునింది.